మేడమీద దొరికిన నెలవంక

టెలిస్కోపు ఇంకా ఉందా అమ్మమ్మా అని మొన్న ఫోనులో అడిగావు కదూ చిన్నీ, ఉంది, బీరువా మీద పాత చీర చుట్టుకుని పడుకుంది. అది కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి మేడెక్కేదాన్ని, కుక్కరు కూతకు దిగేదాన్ని, మళ్లీ ఎక్కేదాన్ని (అరవై దాటిన మోకాళ్లు అప్పుడు మాత్రం కిక్కురుమనలేదు). "పెట్టిన కళ్లజోడే కనపడదు నీకు, చందమామ కనపడుద్దా ఏంది" అని మీ తాతయ్య నవ్వేవారు. నాకు చూడడమొక్కటే చాలదు, ఫోటో తీసి మీకు పంపాలి. ఫోనును టెలిస్కోపుకు బిగించే క్లిప్పు కూడా తెప్పించాను. వేలు తగిలితే గొట్టం వణికేది, అది కుదురుకునేలోపు చంద్రుడు పక్కకు జారిపోయేవాడు. నెల రోజుల్లో నేను తీసిన చంద్రుళ్లన్నీ ఇడ్లీల్లాగే వచ్చాయి.

అంతలో రంజాన్ నెల దగ్గరపడింది. మా పిట్టగోడకు అవతలి మేడ పంక్చర్ షాపు వదినది. నెలవంక కనపడితే మర్నాటి నుంచే వాళ్లకు రోజాలు, అంటే ఉపవాసాలు. మన పిడుగురాళ్లలో పడమటి పక్క సున్నపు బట్టీల పొగ అడ్డం, సన్నటి వంకను కంటితో పట్టడం కష్టం. నీ మిషనుతో చూసిపెట్టు వదినా, కనపడితే తెల్లారకముందే తినడానికి కూర ఇప్పుడే వండుకుంటానంది. నన్ను నమ్మి ఒకరు పని చెప్పడమే నాకు కొత్త.

పొద్దు గుంకగానే గొట్టం పడమరకు తిప్పాను. పొగలో ఏమీ లేదు. పైకి, పక్కకు, మళ్లీ పైకి జరుపుతుంటే ఫోనులో తెల్లటి వెలుగొకటి పడింది. వెలుతురు తగ్గించి చూస్తే కొడవలిలాంటి వంక. టైమరు పెట్టి తీశాను. ఈసారి ఇడ్లీ కాదు. గోడ మీదుగా చూపిస్తే వదిన చెంగు తలమీద కప్పుకుని, రెండు చేతులూ చాచి దువా చేసుకుంది. ఫోటో వాళ్లాయనతో పాటు మసీదుకు వెళ్లింది. రాజుపాలెంలో వాళ్ల అక్కకు కబురు కూడా వెళ్లింది.

నేను కూర్చోలేక మేడంతా తిరుగుతున్నాను. కొత్త చంద్రుడు కాసేపట్లో దిగిపోవాలి కదా, అరగంటైనా నా వంక ఆకాశంలోనే ఉంది. అప్పుడు గాని మామూలు కళ్లతో చూడాలని తోచలేదు. గొట్టం చూపే చోట చంద్రుడు లేడు. పెద్ద చుక్క ఉంది. శుక్రుడు. ఆయనా ఒక్కోసారి చంద్రుడిలా వంకవుతాడని డబ్బాలో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది (నేను బిగింపుల పేజీ దాటి చదివితే గదా).

మెట్లు ఎలా దిగానో తెలియదు. వదిన కూరకు తాలింపు పెడుతోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. వాళ్లాయన అప్పుడే వచ్చారు. కంటితో చూసినవాళ్లు ఎవరూ లేరు, రేపు చూద్దామని మసీదులో పెద్దలు అన్నారట. పదిమందిలో ఆయన నా మూలంగా చిన్నబోయారని నాకు ఏడుపొచ్చింది. వదిన గరిటె ఆపకుండానే, "పోనీలే వదినా, ఆ చుక్కను చేసింది కూడా అల్లాయే గదా" అంది.

తెల్లవారుజామున మంచినీళ్లకు లేస్తే వాళ్ల వంటింట్లో లైటు వెలుగుతోంది. నాకిక నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం గారెలు వండి పట్టుకెళ్తే, వదిన గిన్నె అందుకుని మూతపెట్టి పక్కనుంచింది.

"నా మాట మీద ఇయ్యాల రోజా ఉన్నావా ఏంది వదినా?"

"సాయంత్రం ఆ చుక్కను నాక్కూడా చూపిస్తావా?" అంది.

చూపించాను. అసలు నెలవంక కూడా ఆ సాయంత్రమే, ఏ మిషనూ అక్కర్లేకుండా, అందరి కళ్లకూ కనపడింది. ఇప్పటికీ పిట్టగోడ దగ్గర ఆమె ఎదురైనప్పుడల్లా అడగబోతాను, నా తొందర నాకే గుర్తొచ్చి నవ్వేసి ఊరుకుంటాను. ఇంతకీ ఆ రోజు ఆమె అన్నం తిన్నదా, లేదా?