చలికాలంలో అక్క ఇంటి ఫోటోలు

ఊళ్లో సగం మందికి అతని అసలు పేరు తెలియదు. ఎవరు ఫోటో తియ్యమన్నా ముందు ఆకాశం వంక చూసి, "ఇప్పుడు లైటు లేదండీ" అనేవాడు. అలా అనీ అనీ లైటన్న అయిపోయాడు. ఒకప్పుడు బస్టాండు పక్క సందులో స్టూడియో ఉండేది. ఉద్యోగాల అర్జీలకు అంటించే ఫోటోల దగ్గర్నుంచి పసిపిల్లల బోసినవ్వుల దాకా అన్నీ అక్కడే తీసేవాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియోకు తాళం పడింది. ఇప్పుడు అమ్మకానికి పెట్టిన ఇళ్లకు ఫోటోలు తీస్తున్నాడు. బ్రోకరు చిరునామా పంపుతాడు, ఇతను కెమెరా సంచీ, మూడుకాళ్ల స్టాండూ భుజాన వేసుకుని బయల్దేరతాడు.

ఈ పనికి చలికాలమంత గిట్టనిది ఇంకొకటి లేదు. మధ్యాహ్నం దాటీ దాటకముందే పొద్దు వాలిపోతుంది. కిటికీ అద్దాలకు ఆవిరి పడుతుంది. ఆరని బట్టలు హాల్లో తాళ్ల మీదకు చేరతాయి. ఇంటిల్లిపాదీ తలుపులు బిగించిన ఒక్క గదిలో ముడుచుకుని, మిగతా గదుల్ని వాటి మానాన వదిలేస్తారు. ఎంత కళగల ఇల్లయినా జ్వరమొచ్చి లేచిన మనిషిలా పీక్కుపోయి కనిపిస్తుంది.

అలాంటి చలిలో ఒకరోజు బ్రోకరు పంపిన చిరునామాను లైటన్న రెండోసారి చదువుకున్నాడు. అది సొంత అక్క ఇల్లు.

బావ ఆ ఇల్లు విడిచి, ఊరికి అవతలి వైపు ఇంకొకావిడతో కాపురం పెట్టి చాన్నాళ్లయింది. మనిషి వెళ్లిపోయాడే గానీ ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. అక్క వకీలు దగ్గరికి వెళితే, ఆయన కాగితాలు తిరగేసి, పెదవి విరిచి, టీ తాగి వెళ్లమన్నాడు. ఇప్పుడు ఇల్లు అమ్మకానికి పెట్టిందీ బావే. ఆమె ముందుగది కిటికీ దగ్గర మిషను వేసుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. పిల్లల్లేరు. ఆ ఇల్లూ, ఆ మిషనూ, ఈ తమ్ముడూ, అంతే ఆమెకు.

బ్రోకరుకు ఈ బంధుత్వం తెలియదు. రానని చెప్పేద్దామని ఫోను తీసేలోపే అక్క ఫోను చేసింది.

"ఒరేయ్, రేపొచ్చే ఫోటోగ్రాఫరు నువ్వేగా?"

"నాకు తెలీదక్కా, ఇప్పుడే చూశాను. నావల్ల కాదని చెప్పేస్తాను."

"నువ్వు కాకపోతే ఇంకొకడొస్తాడు. నువ్వే రా. నీతో పనుంది."

మర్నాడు వెళ్లేసరికి ఇల్లు ఇల్లులా లేదు. హాలునిండా తడి దుప్పట్లు. కడగని గిన్నెలు వంటగట్టు మీంచి కిందికి దూకేలా ఉన్నాయి. పడకగదిలో సామానంతా మంచం మీద గుట్టగా పోసి ఉంది. జన్మలో ఒక్క చెమ్చా కూడా అంట్లల్లో వదలని మనిషి, నడుమున చెయ్యి పెట్టుకుని ఆ గుట్ట పక్కన నిలబడింది.

"ఎలా ఉంది?"

"ఏంటక్కా ఇదంతా?"

"ఈ ఫోటోలు చూసినవాడు ఈ వీధిలోకే రాకూడదు. అంత చండాలంగా తియ్యాలి. ఎండాకాలం దాకా ఎలాగోలా లాక్కొస్తే ఈలోపు ఏదో ఒక దారి దొరక్కపోదు."

ఆ దారేంటో అతనికి తోచలేదు. లైట్లన్నీ ఆర్పి, కెమెరాను చీపురుకట్ట ఎత్తుకు దించి, మూలల్ని వంకరగా పెట్టి నొక్కడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి పనికి మరిగిన చెయ్యి మాట వినదు. తనకు తెలియకుండానే పక్కకు పోయిన పరదా సరిచేశాడు.

"పరదా ఎందుకు సర్దుతున్నావురా? ఇటు తే!" అక్క దాన్ని లాగి మళ్లీ వేలాడదీసింది. కాసేపటికి అతను ఒక గిన్నెను మెల్లగా చాటుకు నెట్టడం చూసి నెత్తిన మొట్టింది. ఇద్దరికీ నవ్వాగలేదు. ఆమె నవ్వీ నవ్వీ దుప్పటి చెంగుతో కళ్లు తుడుచుకుంది. అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాడు.

ఫోటోలు పంపిన సాయంత్రమే బ్రోకరు ఫోను చేశాడు.

"ఏంటన్నా ఇవి? ఎలుగుబంటి గుహలోకెళ్లి తీశావా?"

"చలికాలం కదా, లైటు లేదు. ఎండలొచ్చేదాకా ఆగితే బాగుంటుంది."

"ఆకాశం సంగతి నీకెందుకన్నా? నీలం రంగు నేను కంప్యూటర్లో పూయిస్తాను, ఎండిపోయిన చెట్టుకు ఆకులు కూడా పెట్టిస్తాను. రేపు ఓనర్ని తీసుకుని నేనే వస్తున్నా. నువ్వూ రా."

ఓనరంటే బావ. గడప దగ్గర కొత్త బూట్లు విడిచి, "బాగున్నావా బావమరిదీ?" అన్నాడు, నిన్న మొన్న కలిసినట్టు. బ్రోకరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. విషయం అర్థమయ్యాక గొంతు తగ్గించాడు గానీ పని మాత్రం తగ్గించలేదు. దుప్పట్లు తీయించాడు. గిన్నెలు ఎత్తించాడు. మిషను చూసి, "ఇదుంటే ఇల్లు దర్జీ కొట్టులా కనిపిస్తుందమ్మా, వెనక్కి పెట్టిద్దాం" అన్నాడు.

దాన్ని ఒక్కరు మొయ్యలేరు. బావ ఒక కొస పట్టుకుని లైటన్న వైపు చూశాడు. ఈ ఇంట్లో చేరిన రోజు దాన్ని లోపలికి తెచ్చింది కూడా వీళ్లిద్దరే. లైటన్న అక్క ముఖం చూడలేక రెండో కొస ఎత్తాడు. బావ కాలికి ఎక్కడ తగులుతుందోనని, "చూసుకోండి బావా" అని తన నోటితోనే అన్నాడు. అన్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

ఈలోపు బ్రోకరు తన ఫోను తీసి టపటపా ఫోటోలు కొట్టుకుంటూ పోతున్నాడు. వాటిలో గదులు సాగిపోయి, తలుపులు విల్లులా వంగి పడుతున్నాయి. అక్క అతని భుజం మీంచి ఆ బొమ్మలు చూసింది. వంగిపోయిన తన ముందుగది తలుపు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. తర్వాత తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"నువ్వే తియ్యి. బాగా తియ్యి."

"అక్కా..."

"తియ్యమన్నానుగా."

తనే పరదాలు సర్దింది. అద్దాల మీద ఆవిరి పమిటతో తుడిచింది. మంచు కాస్త విడి పలచటి ఎండ ముందుగదిలోకి పడగానే, "ఇదిగో, ఇప్పుడు" అంది. అంతసేపూ బావ వరండాలో నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు.

నెల తిరక్కుండా ఇల్లు అమ్ముడైపోయింది. ఫోటోలు చూసే మనసు పడ్డామని కొన్నవాళ్లు చెప్పారట. అదేదో శుభవార్తలా బ్రోకరు ఫోను చేసి మరీ చెప్పాడు. ఇంట్లో లైటన్న భార్య, "వదిన్ని మన దగ్గరికే రమ్మనండి" అని పట్టుబట్టింది. అక్క వినలేదు. పక్క వీధిలో మేడమీద ఒంటి గది అద్దెకు తీసుకుంది. మిషను ఆ ఇరుకు మెట్లు ఎక్కడానికి నానా తంటాలూ పడింది. ఈసారి రెండో కొస లైటన్న భార్య పట్టుకుంది.

కొన్నాళ్లకు కొత్తవాళ్లు బ్రోకరుతో తగువుకు దిగారు, ఫోటోల్లో ఉన్న వెలుగు ఇంట్లో లేదని. ఆ సంగతి లైటన్న మోసుకొచ్చి అక్కకు చెప్పాడు, నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు.

"చలికాలంలో ఏ ఇల్లయినా అంతేరా. ఎండలు రానిమ్మను. ఆ ఇంటి సంగతి వాళ్లకేం తెలుసు?" అంది, గట్టిగానే.

ఆ రోజు మనసెందుకు మార్చుకున్నావని అడుగుదామనుకునే వచ్చాడతను. అప్పటికే ఆమె కాలరు గుడ్డ సూది కిందికి జరిపి మిషను తొక్కుతోంది. ఆ చప్పుడులో ఆమెకు వినబడదులే అనుకున్నాడు. సంచీ తగిలించుకుని మెట్లు దిగాడు.