మల్సున్ అక్క బరువు

జేజు దీవిలో సముద్రంలో మునిగి నత్తలు ఏరుకొచ్చే ఆడవాళ్లం మేము. పరగడుపునే దిగుతాం. తిని దిగితే ఊపిరి నిలవదు. మల్సున్ అక్క యాభై ఏళ్లకు పైగా అలాగే దిగింది. నీళ్లేవో ఆకాశమేదో తెలియని పొద్దుటి మంచులో ఆమె మునిగిందంటే, మళ్లీ తేలి వేసే ఈల కోసం మా చెవులన్నీ అటే ఉండేవి. ఏరినవాటిలో మంచివి అమ్మకానికి, మిగిలినవి మాకు. తనకు మాత్రం ఏమీ ఉంచుకునేది కాదు, మహా మొండిఘటం.

నిరుడు వసంతంలో ఆమె కడుపులో కాన్సర్ బయటపడింది. "ఇంత చిక్కిన ఒంటిమీద కత్తి పెడితే కుట్లు మానవు. రెండు కిలోలైనా పెరగాలి, అప్పుడే ఆపరేషన్," అన్నాడు డాక్టరు. ఆసుపత్రిలో తిండి సంగతి చూసే సురాన్ అనే అమ్మాయి గుడ్లు, జావ, బలానికి తాగే పాలు రాసిచ్చింది.

అక్క రెండు చెంచాలు మింగి కళ్లు మూసుకునేది. "నీళ్లడుగున ఉన్నట్టుందే. అంతా మెత్తగా, ఎక్కడో దూరంగా..."

"కలలు తర్వాత కందువుగానీ, ముందు మింగు!" అని కసిరేదాన్ని.

పన్నెండో రోజు తూకంలో మూడు కిలోలు పెరిగింది. నేను ఎగిరి గంతేశాను. సురాన్ మాత్రం అక్క జబ్బ పట్టి చూసింది. "చెయ్యేమో ఇంకా సన్నబడిందే! కోటు విప్పు అవ్వా." చూద్దుము గదా, నడుముకు సీసం బిళ్లలు! సముద్రంలో మునగడానికి మేం కట్టుకునేవే.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అరిచాను.

"ఎంత మింగినా దిగట్లేదే. ఆపరేషన్ చెయ్యరేమోనని... నాకు చావాలని లేదే," అంది అక్క.

సురాన్ కోప్పడలేదు. "మత్తుమందు బరువును బట్టే ఇస్తారవ్వా. సీసానికి కూడా కలిపి ఇస్తే ఏమైపోతావు? నోటితో దిగకపోతే ముక్కులోంచి సన్నగొట్టం వేద్దాం."

రెండు వారాలు బొట్టుబొట్టుగా బలం దిగింది. కిటికీలోంచి పడే వెలుగు దుప్పటిమీద అలల్లా కదులుతుంటే అక్క మగతలో నవ్వుకునేది. చివరికి నిజంగానే రెండు కిలోలు పెరిగింది.

ఆపరేషన్‌లో కడుపులోని జీర్ణాశయం చాలామటుకు కోసి తీసేశారు. కొన్నాళ్లకు, నత్తలు కాచి వడకట్టిన జావ మూడంటే మూడు చెంచాలు పెట్టమన్నారు. ఆపైన రెండు గంటలు ఆగాలి. మూడో చెంచా మింగి అక్క కళ్లు తెరిచింది.

"బాగుందే. ఇంకొక్క చెంచా పెట్టవూ?"

తన కోసం ఆమె తిండి అడగడం నా జన్మలో అదే వినడం. పెట్టకూడదు.

"ఆగు అక్కా, కాసేపే," అన్నాను, ఏడుపు ఆపుకోలేక. గిన్నె ఒళ్లో పెట్టుకుని, చల్లారకుండా రెండు చేతులూ చుట్టి, ఆ రెండు గంటలూ ఆమె పక్కనే కూర్చున్నాను.