మా తోడికోడలి చెవి

రాసుకో నాయనా. మా తోడికోడలు ఎవరు పలకరించినా ముందు ఒకటే మాట అనేది: "అరవద్దు, మొకం ఇట్ల తిప్పి చెప్పు."

పాకాలలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. వెనకాల చెంబు పడితే ఆమె ఉలిక్కిపడేది. వెనక నుంచి నీళ్లు తెమ్మంటే మాత్రం కదిలేది కాదు.

"చెంబు ఇనపడతాది, నా మాట ఇనపడదా? అంతా నాటకం. పుట్టింటికి తోలేస్తా," అనేది మా అత్త.

చివరికి మరిది ఆమెను మద్రాసు తీసుకెళ్లాడు. అత్తా, నేనూ తోడు వెళ్లాం. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "చెవి బాగానే ఉంది. శబ్దాన్ని మెదడుకు మోసే నరం చెడింది. అందుకే చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టుకుంటోంది," అన్నాడు.

"చెవిలో మిషను పెట్టే ఆపరేషను వచ్చిందంట గదా సార్?" అన్నాడు మరిది.

"మిషను పెట్టినా మోయాల్సింది ఆ నరమే. ఈమెకు పనిచేస్తుందని చెప్పలేను."

నరం అనగానే అత్తకు ఆశ పుట్టింది. తిరుగు రైల్లో మమ్మల్ని పుత్తూరులో దింపి, విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఆయన దగ్గరికి నడిపించింది. ఆయన నవ్వాడు. "ఎముకైతే కడతా. చెవిలో నరానికి యాడ కట్టేదమ్మా?"

స్టేషనుకు తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి అత్త లేచి, కోడలి ఎదురుగా వచ్చి నిలబడి, మెల్లగా అడిగింది. "ఆకలైతాందా అమ్మీ?"

"పొద్దున్నించీ అయితాందత్తా. నువ్వు అడిగితే గదా!"