గంజెడు అన్నం తిన్న బర్రె

1993లో నేను సిరిసిల్ల దగ్గర కోనరావుపేట వైపు పల్లెల్లో పశువుల డాక్టరుగా పనిచేసేవాణ్ణి. కాలేజీ నుంచి అప్పుడే వచ్చాను. చదువు కొత్తది, నోరు పెద్దది. ఒకరోజు రాజవ్వ అనే ఆమె కబురు పెట్టింది. ఆమె బర్రె నిన్నటి నుంచి మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. భర్త పక్షవాతంతో మంచం పట్టాడు. ఆ ఇల్లు గడిచేది ఆ బర్రె పాలతోనే.

"ఏం మేపినవ్ అవ్వా?"

"ఎండుగడ్డే సారూ. ఇంకేముంటది?"

గడ్డే పొట్టలో అడ్డుపడిందనుకుని నూనె పట్టించి వచ్చాను. తెల్లారి వెళ్లేసరికి బర్రె మెడ వాల్చేసింది. పొట్ట నొక్కితే నీళ్ల చప్పుడు. పలచటి పెండలో పులిసిన వాసన, మెతుకులు. నాకు ఒళ్లు మండింది. కొట్టం ముందు జనం ఉన్నారని కూడా చూడకుండా అరిచాను.

"గడ్డి అంటివి గదా? గీ మెతుకులేంది? ఎంత అన్నం పెట్టినవ్?"

రాజవ్వ మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. అందరూ పోయాక గొంతు తగ్గించి చెప్పింది.

"మొన్న పొద్దుగాల అన్నలచ్చి పదిమందికి వండుమన్నరు సారూ. అన్నం గంజు పొయ్యి మీదికెల్లి దించిన్నో లేదో పోలీసు జీపు అచ్చింది. వాళ్లు గుట్టదిక్కు ఉరికిన్రు. ఇంట్ల ఉన్నది ఇద్దరం. గంజెడు అన్నం ఎవ్వలకని పోలీసోళ్లు అడిగితే ఏం చెప్పాలె? బర్రె ముందట కుమ్మరిచ్చిన."

నక్సలైట్లకు అన్నం పెట్టారన్న అనుమానం చాలు, స్టేషన్‌కు పట్టుకుపోయే రోజులవి. నా అరుపు ఎవరి చెవిన పడిందోనని నాకే చెమటలు పట్టాయి. సిగ్గేసింది కూడా. ముందు ఆ పెండ ఎత్తి పెంటలో వేసి, పైన గడ్డి కప్పాను.

జబ్బు రూమెన్ ఎసిడోసిస్. రూమెన్ అంటే పశువు మొదటి పొట్ట. వరిగడ్డి కణాల గోడల్లో జైలాన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని పశువు సొంతంగా అరిగించుకోలేదు. రూమెన్‌లో బతికే బ్యాక్టీరియా జైలనేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని విడగొడతాయి. అంత అన్నం ఒక్కసారి పులిస్తే ఆ ఆమ్లానికి అవి చచ్చిపోతాయి. ఆ తర్వాత ఎంత గడ్డి వేసినా పొట్టలో అలాగే పడి ఉంటుంది.

తినే సోడా కలిపిన నీళ్లు పట్టించాను, సెలైన్ ఎక్కించాను. మర్నాడు పక్కింటి బర్రె పొట్టలోంచి గొట్టంతో రసం తీశాను. అందులోని బ్యాక్టీరియా చల్లారితే బతకవు, అందుకే నా చాయ్ ఫ్లాస్కులో పోసుకొచ్చి రాజవ్వ బర్రెకు పట్టించాను. పక్కింటాయన ఎందుకని అడగలేదు. నిన్న కొట్టం ముందు జనంలో నిలబడి ఆ మెతుకులు ఆయనా చూశాడు. ఆ ఫ్లాస్కులో నేను మళ్లీ చాయ్ తాగలేదనుకోండి.

మూడోనాడు బర్రె నెమరు వేసింది. ఆడుతున్న దాని దవడను చూస్తూ రాజవ్వ ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, నేను వైద్యం వివరాలు రాసే రిజిస్టరు వైపు చూసి అడిగింది.

"నీ బుక్కుల ఏం రాసినవ్ సారూ?"

"గడ్డి అరుగుతలేదని రాసిన."

"అబద్ధం రాసినవా నాకోసం?"

"లేదవ్వా. గది నిజమే."

ఆ తర్వాత నా సర్వీసంతా, ఏ కొట్టంలోకి వెళ్లినా ముందు పెండ చూసేవాణ్ణి. తర్వాత చుట్టూ ఎవరున్నారో చూసేవాణ్ణి. ఆ పైనే నోరు తెరిచేవాణ్ణి.