శంషాబాద్‌లో పంచిన కుడుకలు

నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. కానీ శంషాబాద్ విమానాశ్రయం గురించి మా వాడకట్టులో ఎవరికి ఏం కావాలన్నా నన్నే అడుగుతారు. బండి ఎక్కడ ఆపితే పోలీసాయన కోప్పడడు, సామాన్లు తోసుకుపోయే ట్రాలీలు ఎక్కడుంటాయి, లోపలికి పోనివ్వని మనలాంటివాళ్లకు మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, అక్కడ చాయ్ ఎందుకు తాగకూడదు, అన్నీ చెబుతాను. మాది జగిత్యాల పక్కన ఒక ఊరు. ఇంటికొక మగమనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. సాగనంపడానికి, తోలుకురావడానికి పోయీ పోయీ ఆ దారి నాకు మా చేను దారిలా అయింది.

మా మరిది మొదటిసారి దేశం, అంటే గల్ఫ్‌కు, పోయినప్పుడు విమానం బొంబాయిలో ఎక్కాడు. మేము బస్టాండు దాకా పోయి, ఏడ్చి, ఇంటికొచ్చాం. ఆ తర్వాత బేగంపేట నుంచి పోవడం మొదలైంది. అది పట్నం నడుమ ఉండేది. విమానాలు ఇండ్ల మీదుగా ఎంత కిందికి వచ్చేవంటే, మా అత్త ప్రతిసారీ తల వంచుకునేది. ఆ తర్వాత పట్నం బయట, బండలూ గుట్టలూ ఉన్న శంషాబాద్‌లో కొత్తది కట్టారు. ఆ అద్దాల గోడలు చూసి మా ఇంటాయన, “గింత పెద్ద దుకాణం కట్టిండ్రు, గిండ్ల అమ్మేది ఏందే?” అన్నాడు.

అక్కడ పోయేవాళ్లకు పైన వంతెన మీద దారి, వచ్చేవాళ్లకు కింద దారి. ఇది తెలియక ఒకసారి మా మరిది కోసం మేము పైన నిలబడ్డాం. ఆయన కింద నిలబడి మమ్మల్ని తిట్టుకున్నాడు.

ఇక మా బిడ్డ పోయిన రోజు సంగతి చెబుతాను.

దానికి పెళ్లయి చాలా ఏండ్లయింది. అల్లుడు రెండేండ్లకోసారి సెలవు మీద వచ్చి, చూస్తుండగానే పోయేవాడు. పిల్లలు కాలేదు. ఆయన అక్కడ, ఇది ఇక్కడ ఉంటే ఎట్లా అవుతారు? ఆ మాట ఎవరూ అనరు గానీ, ఏ పేరంటానికి పోయినా దీన్నే చూసేవాళ్లు. చివరికి ఆయనకు పని బాగా కుదిరి, వేరే గది తీసుకొని, దీన్ని రమ్మన్నాడు. ఇద్దరూ ఒక ఇంట్లో కాపురం చేయడం అదే మొదలు. అందుకని నేను దాని ఒడిలో ఒడిబియ్యం పోశాను. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, కుడుకలు, పసుపు కొమ్ములు, వక్కలు, కొత్త రవిక బట్ట. కుడుకంటే ఎండుకొబ్బరి చిప్ప. అది లేకుండా ఒడి నిండదు. పిల్లాపాపలతో ఉండాలని పెట్టేదే అది. బిడ్డ ఆ మూట తీసుకొనిపోయి, తన కాపురం ఇంట్లో ముందు కుడుకలు పగలగొట్టి ముత్తయిదువలకు పంచి, తర్వాత బియ్యం వండి నలుగురికీ పెట్టాలి.

పెట్టె సర్దేటప్పుడు దేశం పోయొచ్చిన మగవాళ్లందరూ వచ్చి సలహాలు చెప్పారు. తొక్కు పచ్చడి డబ్బాకు టేపు చుట్టమన్నారు, నూనె కారితే బట్టలు ఖరాబవుతాయన్నారు. కుడుకల ముచ్చట ఎవరూ ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతారు? ఒడిబియ్యంతో విమానం ఎక్కిన మగవాడు ఎక్కడున్నాడు? మా ఇంట్లో నుంచి ఒక ఆడమనిషి పోవడం అదే మొదటిసారి.

పొద్దున బయలుదేరి, మధ్యాహ్నానికి అక్కడికి చేరాం. గేటు దగ్గర పాస్‌పోర్టు, టికెట్ చూసి దాన్ని లోపలికి పంపారు. మేము అద్దం ఇవతల నిలబడ్డాం. కొంతసేపటికి ఫోన్ చేసింది.

“అవ్వా, పెట్టె ఇచ్చినంక మల్ల పిలిసిండ్రు. ఇప్పుమంటుండ్రు.”

“ఎందుకు బిడ్డా?”

“కుడుకలున్నయట. విమానంల కుడుకలు పోనియ్యరట. నూనె ఉంటది, మంట అంటుకుంటదట.”

మా ఇంటాయన పక్కనుంచి, “అగ్గిపెట్టె వెట్టినవానే, కుడుకలు వెట్టినవా?” అన్నాడు.

“జర నోరు మూసుకో,” అన్నాను.

“నేను తియ్యనే అవ్వా,” అంది బిడ్డ. “కుడుకలు తీస్తె ఇంకేమున్నది? ఉత్త బియ్యం. నేను ఎందుకు పోతున్ననో నీకెరుక లేదా?”

తీయకపోతే పెట్టె పోదు, బిడ్డ ఎక్కదు. తీసి అక్కడి చెత్త డబ్బాలో వేస్తే, పోయే వేళ ఒడిలోది పారేసినట్టు. నాకే తిరిగి ఇద్దామంటే, ఒడిలో పోసిన చేయి మళ్లీ తీసుకోకూడదు. కౌంటర్ దగ్గరున్న ఆవిడ, “అక్కా, జల్ది చెయ్యి, టైం అయితుంది,” అనడం ఫోన్‌లో నాకు వినిపిస్తూనే ఉంది.

కొంచెం ఆలోచించి, “బిడ్డా, నువ్వు ఇంటికి పోయి మొదలు చేసేదేంది?” అని అడిగాను.

“కుడుకలు పంచుడు.”

“ఆడ పంచేటియి ఈడ పంచుదాం. పంచినంక అవి పోయినట్టు ఎట్లయితది? ఆమెకు చెప్పి బయటికి పంపియ్యి.”

కౌంటర్ ఆవిడ మంచిది. ఎవరినో అడిగి, కుడుకలు ఒక కవర్లో వేసుకొని తానే గేటు దాకా వచ్చింది. నాకు ఇవ్వబోతే నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“నాకు ఇయ్యద్దమ్మా. నేనే పోసిన. గా అక్కకియ్యి.”

పక్కన ఆదిలాబాద్ వైపు మనిషి, తమ్ముణ్ణి సాగనంపడానికి వచ్చిందట, గ్రిల్లు ఆనుకొని నిలబడి ఉంది. మా మాటలన్నీ వింటూనే ఉంది. ఏమీ అడగకుండా కొంగు పట్టింది.

“ఇయ్యి బాయీ. ఒడిబియ్యం కుడుకకు ఎవ్వలన్న వద్దంటరా?”

కవరు ఆమె కొంగులోకి పోయింది. ఆమే ఒక కుడుకను మెట్టు అంచుకు కొట్టి పగలగొట్టింది. అక్కడున్న ఆడవాళ్లందరికీ పంచింది. నడుముకు గుడ్డ కట్టుకొని నేల తుడిచే ఆమె, “డ్యూటీల తినద్దు,” అంటూనే ఒక ముక్క దవడకు పెట్టుకుంది. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న ఆయన హిందీలో ఏమిటని అడిగాడు. మా ఇంటాయన తనకు వచ్చిన హిందీలో ఏదో చెప్పాడు. తుపాకీ ఆయన నవ్వి ముఖం అటు తిప్పుకున్నాడు.

“పంచినం బిడ్డా,” అని ఫోన్‌లో చెప్పాను. “అందరు నిన్ను సల్లగుండుమన్నరు.”

“నిజంగ అన్నరా?”

ఆదిలాబాద్ ఆమె నా చేతిలోని ఫోన్ తీసుకుంది. “అన్నం బిడ్డా. పిల్లను ఎత్తుకొని రా, మల్ల గీడికే.”

అది పెట్టె మూసింది. పోయింది.

ఒడిబియ్యం శుక్రవారం వండారు. మా బిడ్డ వీడియో కాల్‌లో చూపించింది. చిన్న గది, మూలకు పొయ్యి, పచ్చటి అన్నం. అల్లుడు వెనుక నుంచి, “అత్తమ్మా, పప్పుల ఉప్పెక్కువేసింది నీ బిడ్డ,” అన్నాడు. పక్క గదుల ఆడవాళ్లు కింద కూర్చొని తింటున్నారు. వాళ్లలో ఒకామె మన సిరిసిల్లదట. కుడుకలేవీ అని ఆమె అడిగితే, శంషాబాద్‌లోనే పంచామని మా బిడ్డ చెప్పింది.

“నావి గూడ ఆడనే పోయినయి,” అంది ఆమె. “పంచాల్నని నాకు తోసలే. చెత్త డబ్బల ఏసి ఏడ్సుకుంట ఎక్కిన.”

చెబుతూ చెబుతూ ఒడిలోని చంటిపిల్ల నోట్లో మెతుకులు మెత్తగా నలిపి పెట్టింది. మా బిడ్డ ఫోన్‌ను ఆ పిల్ల వైపే తిప్పి, చాలాసేపు అట్లాగే పట్టుకుంది.