సత్తెనపల్లి కల్లంలో నడిచిన తాలుకాయల మనిషి

నా ప్రాజెక్టు రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి కూడా తిరిగొస్తే కెమెరా అటక మీద పడేసి బ్యాంకు కోచింగులో చేరతానని నాన్నకు మాటిచ్చాను. అందుకే ఈ ప్రయాణం. గుంటూరులో ఫోటోగ్రఫీ, సినిమా కోర్సు చివరి సంవత్సరం మాది. క్లాస్‌మేట్ హారిక ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రఫీ తీసుకుంది, నేను స్టాప్ మోషన్ తీసుకున్నాను, అంటే బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఫోటోలు తీసి కదిలినట్టు చూపించడం. తనకు నేల, ఆకాశం ఉంటే చాలు. నాకు మాత్రం రోజంతా ఎవరూ కదపని ఎర్రటి నేల కావాలి. మిరపకాయలు ఆరబోసే కల్లం తప్ప అలాంటిది ఇంకెక్కడ దొరుకుతుంది?

తెల్లవారుతూనే గుంటూరు బస్టాండులో సత్తెనపల్లి పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ మాత్రం మర్చిపోకండి. అక్కడి నుంచి ఊళ్లోకి షేర్ ఆటో, మనిషికి ముప్పై. ట్రైపాడ్ సంచికి ఇంకో ముప్పై అడిగాడు డ్రైవరు. మిర్చి కల్లం కోసం వచ్చామంటే, "ఆలస్యం చేశారమ్మా. అందరూ కాయ ఎత్తేశారు. కోటేశ్వరరావు గారి కల్లమొక్కటే మిగిలింది, అదీ సాయంత్రానికి ట్రాక్టరెక్కుద్ది" అన్నాడు. దారి పొడవునా ఎండిపోయిన పత్తి మోళ్లు. హారిక ఆటో ఆపించి మరీ ఫోటోలు తీసింది. నేనేమో మాటిమాటికీ టైము చూసుకున్నాను.

కోటేశ్వరరావు గారు "కాయ తొక్కకపోతే చాలమ్మా, మీ ఇష్టం" అన్నారు. వెదురు బొంగులు కట్టి కెమెరాను కిందికి చూసేలా బిగించాం. నీడ మారకుండా పైన పాత చీర కప్పాం. రంగుపోయి తెల్లబడ్డ మిరపకాయల్ని ఇక్కడ తాలు అంటారు. ఎర్రకాయల్లోంచి ఏరి వేరే సంచిలో వేస్తారు, వాటికి పెద్దగా ధర రాదు. ఆ తాలుకాయలతోనే నేనొక మనిషిని పేర్చాను. తల, ఒళ్లు, భుజం మీద తువ్వాలు. వాడు కెమెరాకు కనబడే ఎర్రటి జాగాలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి వెళ్లిపోవాలి, అంతే కథ. ఒక ఫోటో తీయడం, కాళ్లు రవ్వంత జరపడం, మళ్లీ ఫోటో. నడుము పడిపోయింది, ఘాటుకు ముక్కు కారింది. కానీ తీసినవన్నీ వరసగా తిప్పి చూస్తే వాడు నిజంగానే నడుస్తున్నాడు, కాస్త కుంటుతూ. ఈ చదువులో నేను చేసిన మంచి పని అదొక్కటే అనిపించింది.

మధ్యాహ్నం కోటేశ్వరరావు గారింట్లోనే భోజనం. వెళ్లేముందు ఆయన "కెమెరా కింద ఎవరూ అడుగు పెట్టబాకండి" అని కూలీలకు మా ఎదుటే కేకేసి చెప్పారు. గోంగూర పచ్చడి రెండుసార్లు వేయించుకుని నిశ్చింతగా తిన్నాను. తిరిగొచ్చేసరికి కల్లం మొత్తం ఎర్రగా, శుభ్రంగా ఉంది. మనిషి లేడు.

పక్కనే కూర్చుని కాయలు ఏరుతున్న కూలీ అంజమ్మను అడిగాను. "పిన్నీ, ఇక్కడ తెల్లకాయలు ఉండాలి కదా?"

"ఏరేశాం గదమ్మా. లోపల అడుగు పెట్టొద్దన్నారు, పెట్టలా. ఈ పక్కన కూర్చునే చెయ్యి చాపి ఏరాం. అన్నీ ఒక్కచోటే దొరికినయ్, పని తేలికయింది." గోనెసంచి చూపించింది. నిండా తాలే. అందులో నా మనిషి కాళ్లేవో, చేతులేవో. విషయం చెప్పాక ఆమె ముఖం చిన్నబోయింది. "బొమ్మని మాకేం తెలుసు తల్లీ" అంది.

మళ్లీ మొదలుపెట్టే వీల్లేదు. ట్రాక్టరు వచ్చేసింది, కాయ కుప్ప చేస్తున్నారు. కోటేశ్వరరావు గారు ఆ సంచి వైపే చూస్తూ, "ఈసారి ఎర్రకాయకి సమంగా తాలే దిగింది. వచ్చే ఏడు మిరప వెయ్యను" అన్నారు. ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను. కారం చేతులు కళ్లల్లో పెట్టుకున్నాననుకుని అంజమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. కాదని చెప్పకుండా కడుక్కున్నాను.

తిరుగు బస్సులో హారిక తన ఫోటోలు చూపించింది. చాలా బాగున్నాయి. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. నా దాంట్లో వాడు తెర మధ్యదాకా కుంటుకుంటూ వస్తాడు, కాలెత్తుతాడు, తర్వాత అంతా ఎరుపే. ఎవరి మీదా కోపం లేదు. ఏరడం వాళ్ల పని, ఏరారు. ఎవరినైనా తిట్టుకోగలిగితే కాస్త తేలికపడేదాన్నేమో. సగం సినిమాను కాలేజీ తీసుకోలేదు. కోచింగ్ సెంటర్ గుంటూరు బస్టాండు ఎదురుగానే ఉంది, రోజూ పొద్దున సత్తెనపల్లి బస్సు పక్క నుంచే వెళ్తున్నాను.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త. కల్లంలో ఏం పెట్టినా రైతుకు చెప్పి ఊరుకోకండి. ఏరేవాళ్లను దగ్గరకు పిలిచి చూపించి, ఇది తాలు కాదు, మనిషి అని చెప్పండి.