వంకాయ మీద నా వేలిముద్ర

ఆ వృక్షశాస్త్రం సారు ఏ కూరగాయనైనా చంటిపిల్లకు మూతి తుడిచినట్టు చేతిరుమాలుతో తుడిచిగానీ కెమెరా ముందు పెట్టేవాడు కాదు. ఎనభైల మొదట్లో నంద్యాలలో, నా స్టూడియో చీకటిగదిలో, ఆయన తెచ్చిన అతినీలలోహిత దీపం కింద పాలకూర రసం ఎర్రగా వెలిగేది. పసుపుకొమ్ము నిమ్మపండులా మెరిసేది. ఆ వెలుగు ఫిల్ము మీదికి ఎక్కాలంటే షట్టరు ఎంతసేపు తెరిచి ఉంచాలో నెలరోజులు తంటాలు పడి నేనే కనిపెట్టాను.

"ఇది మనిద్దరి పనప్పా," అనేవాడు ప్రతి ఫోటోకూ. ఆ మాటకే పొంగిపోయేవాణ్ణి.

ఒకనాడు బొటనవేలు తెగితే పసుపు అద్దుకుని, ఆ చేత్తోనే వంకాయను సర్దాను. ఫోటోలో నల్లటి వంకాయ మీద నా వేలిముద్ర ధగధగలాడింది. మళ్లీ తీస్తానన్నాను.

"వద్దులేప్పా. నీ సంతకం అనుకో," అన్నాడు.

కొన్నాళ్లకు ఆళ్లగడ్డలో మా ఫోటోలు ప్రదర్శనకు పెట్టారని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లాను. నన్ను పిలవడం మరిచిపోయాడనుకున్నాను. అన్నిటి కిందా ఆయన పేరొక్కటే ఉంది. వంకాయ ఫోటో ముందు రుద్రవరం రైతు ఒకాయన నిలబడి, పక్కనే ఉన్న సారును అడుగుతున్నాడు.

"ఈ మచ్చ ఏంది సార్?"

"తెగులప్పా. మామూలు కంటికి కనపడదు. నేనే కనిపెట్టినా."

"దీనికి మందేం కొట్టాల సార్?"

జవాబు చెప్పబోతూ సారు నన్ను చూశాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, ఈసారి తన మూతి తుడుచుకున్నాడు.